కడప నుంచి పులికాట్ తీరానికి: ఒకరోజు ప్రయాణం, మూడు రోజుల యాత్ర

కడప జిల్లాకు సముద్రం లేదు. మన ఊరి పక్కన పారే పెన్న మాత్రం సోమశిల దాటి, నెల్లూరు దాటి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది సముద్రం చేరే చోటికి దక్షిణంగా, శ్రీహరికోట దీవికీ ప్రధాన భూభాగానికీ నడుమ, పులికాట్ సరస్సు పరచుకొని ఉంది. దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీని ఉత్తర భాగమూ, పక్కనే ఉన్న నేలపట్టు చెరువూ 1976 నుంచి పక్షుల సంరక్షణ కేంద్రాలు. కడప నుంచి సూళ్లూరుపేటకు సుమారు 220 కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు, రెండు రాత్రులు ఆ వైపు బస చేసి శేషాచలం అడవుల మీదుగానూ రావచ్చు. రెండింటికీ కావలసిన ప్రణాళికను నేను చేసిన పొరపాట్లతో సహా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట నీళ్లు, తరువాతే తేదీ

చాలామంది సెలవు దొరికిన రోజును బట్టి తేదీ ఖాయం చేసుకొని, ఆ తరువాత పక్షుల గురించి ఆరా తీస్తారు. పులికాట్ విషయంలో ఈ వరుస తిరగబడాలి. ఈ సరస్సు చాలా లోతు తక్కువది, సగటున ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడినప్పుడు ఉత్తరాన స్వర్ణముఖి, సూళ్లూరుపేట వైపు నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి నదులు తెచ్చే వరదతో సరస్సు నిండి, నీటిలో ఉప్పు తగ్గుతుంది. తరువాత నెమ్మదిగా నీరు తీస్తుంది. వేసవి వచ్చేసరికి ఉత్తర భాగంలో చాలా చోట్ల బీటలు వారిన బురద, దాని మీద తెల్లటి ఉప్పు పేరుకొని కనిపిస్తాయి.

ఫ్లెమింగోలు, అంటే మనవాళ్లు రాజహంసలని పిలిచే ఆ గులాబీ రంగు పక్షులు, ఈ రెండు స్థితుల నడుమనే దగ్గరకు వస్తాయి. అవి తలను కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో ఉంచి, బురదను కాళ్లతో కదుపుతూ, పైకి లేచిన నాచునూ చిన్న చిన్న నీటి ప్రాణులనూ వడకట్టి తింటాయి. అందుకు వాటి కాళ్లు అందేంత పలుచని నీరు కావాలి. సరస్సు నిండుగా ఉంటే మేత దొరకక మరో చోటికి పోతాయి, బాగా ఎండితే మిగిలిన నీటి వెంట దూరంగా జరిగిపోతాయి. ఒక ఏడాది మంచి వానలు పడ్డాయన్న సంతోషంతో డిసెంబరు రెండో వారంలో ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్లాను. రోడ్డుకు రెండు వైపులా అలలు కొట్టుకుంటున్న నీరు తప్ప ఏమీ లేదు. ఎక్కడో చాలా దూరాన కొన్ని తెల్ల చుక్కలు కనిపిస్తే మా జేజి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, “వీటికోసమా అబ్బీ, నడిరాత్రి లేపి ఇంత దూరం తెచ్చినావు?” అని అడిగింది.

అప్పటి నుంచి బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు సూళ్లూరుపేటలో బస చేయబోయే లాడ్జికో, అక్కడి ఆటో నడిపే మనిషికో ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నాను: “శ్రీహరికోట రోడ్డు పక్కన సరస్సులో గొడ్లు నడుస్తున్నాయా?” మోకాలి లోతు నీటిలో గొడ్లు నడుస్తున్నాయంటే బయలుదేరవచ్చు. నీళ్లు నిండుగా ఉన్నాయంటే రెండు వారాలు ఆగాలి. గొడ్లు పొడి నేల మీద తిరుగుతున్నాయంటే ఆ ఏటికి ఆలస్యమైనట్టే. సాధారణంగా సంక్రాంతి తరువాత నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న కాలం అనుకూలంగా ఉంటుంది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ కూడా ఎక్కువగా జనవరి ప్రాంతంలోనే జరుగుతుంది. పిల్లలకు ఆ సందడి నచ్చుతుంది, పక్షులను నింపాదిగా చూడాలనుకునేవారు మాత్రం ఆ రోజులు వదిలి వెళ్లడమే మేలు.

ఏది ఎక్కడ కనిపిస్తుంది

నేలపట్టుకు వెళ్లి ఫ్లెమింగోలు ఎక్కడని అడిగేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. అవి అక్కడ ఉండవు. నేలపట్టు ఒక మంచినీటి చెరువు, కొంగజాతి పక్షులూ గూడబాతులూ (పెలికన్లు) గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచే చోటు. పులికాట్ మేత దొరికే చోటు. గూడబాతులు నేలపట్టులో కాపురం పెట్టి పులికాట్‌కు వేటకు వెళ్లి వస్తాయి. ఫ్లెమింగోలు పులికాట్‌కు మేతకే వస్తాయి, గూళ్లు మాత్రం ఇక్కడ పెట్టవు. మన దేశంలో వాటి ప్రధానమైన సంతాన స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. ఈ తేడా తెలిస్తే రోజును ఎలా విభజించుకోవాలో దానంతటదే తేలిపోతుంది.

నేలపట్టు చెరువులో నీటి నడుమ పెరిగే చెట్లను నీటి కడప చెట్లంటారు. కడప నుంచి వెళ్లినవారికి ఆ పేరు వినగానే ఒక చిన్న సంబరం కలుగుతుంది, రెండింటికీ సంబంధం ఏమీ లేకపోయినా. గూడబాతులు ఆ చెట్ల కొమ్మల మీద పుల్లలతో గూళ్లు కడతాయి. చుట్టూ నీరు ఉన్నందువల్ల నక్కలూ కుక్కలూ గూటిదాకా రాలేవు. పిల్లలు కాస్త ఎదిగిన తరువాత చూస్తే, తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలను మెడదాకా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపను వెతుక్కుంటుంది. మొదటిసారి చూసినవారికి తల్లి పిల్లను మింగుతున్నట్టే అనిపిస్తుంది. గూడబాతులతో పాటు నత్తలను తినే కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, తెడ్డు ఆకారపు ముక్కున్న కొంగలు కూడా అక్కడ కనిపిస్తాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని చుట్టుపక్కల రైతులు భావిస్తారు. అందుకే పక్షులకూ ఊరికీ అక్కడ పొత్తు కుదిరింది.

ఒకరోజులో వెళ్లి రావాలంటే

దారి సులభమైనదే. కడప నుంచి ఒంటిమిట్ట, రాజంపేట, రైల్వే కోడూరు మీదుగా రేణిగుంటకు 716వ జాతీయ రహదారి, అక్కడ నుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటకు 71వ జాతీయ రహదారి, అక్కడ చెన్నై వైపు తిరిగితే 16వ జాతీయ రహదారి. నేలపట్టు నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ, దొరవారిసత్రం మండలంలో, హైవే నుంచి కొద్దిగా లోపలికి ఉంటుంది. ఆగి టీ తాగే సమయంతో కలుపుకొని నాలుగున్నర నుంచి ఐదు గంటలు పడుతుంది. కోడూరు దాటిన తరువాత బాలుపల్లె, కుక్కలదొడ్డి వైపు అడవి దారిలో వేగం తగ్గించాలి. ఎర్రచందనం తనిఖీల వల్ల వాహనాన్ని ఆపితే విసుక్కోకుండా డిక్కీ తెరిచి చూపించి ముందుకు సాగాలి.

పక్షులను తెల్లవారేసరికి చూడాలన్న మాట విని చాలామంది కడపలో అర్ధరాత్రి ఒంటిగంటకు బయలుదేరుతారు. దానిని నేను సమర్థించను. నిద్రలేని డ్రైవరుతో చీకట్లో అడవి దారి దాటడం ఒక ప్రమాదం, పైగా దాని అవసరమూ లేదు. గూళ్లలో పిల్లలున్న కాలంలో నేలపట్టులో పక్షులు పగలంతా కనిపిస్తాయి. నీడనిచ్చే చెట్లున్నాయి, కాబట్టి అక్కడ ఉదయం పది గంటలైనా ఇబ్బంది లేదు. సరస్సు సంగతి అలా కాదు. పదకొండు గంటల ఎండలో నీటి మీద గాలి ఎండమావిలా వణికి, బైనాక్యులర్‌లో కూడా పక్షులు కరిగిపోతున్న గీతలా కనిపిస్తాయి. ఈ రెండు చోట్ల తేడా తెలియక ముందు నేను పొద్దున సరస్సు అనుకొని బయలుదేరి, దారిలో ఆలస్యమై, సరిగ్గా నడిమధ్యాహ్నం అక్కడికి చేరినవాణ్నే.

అందువల్ల ఒకరోజు ప్రయాణానికి వరుస ఇలా ఉండాలి. కడపలో ఉదయం ఐదు గంటలకు బయలుదేరి, దారిలో కట్టుకొచ్చిన ఉగ్గానో చిత్రాన్నమో తిని, పది గంటల ప్రాంతంలో నేలపట్టు చేరాలి. కట్ట మీద నడుస్తూ, పరిశీలన గోపురం ఎక్కి, తొందర లేకుండా రెండు గంటలు గడపాలి. గోపురం మెట్లు ఎక్కలేని పెద్దవారికి కట్ట మీద నుంచే గూళ్లు బాగా కనిపిస్తాయి. పన్నెండున్నరకు సూళ్లూరుపేట చేరి భోజనం చేయాలి. మాంసాహారులకు అక్కడ సరస్సు రొయ్యలూ పీతలూ దొరుకుతాయి. కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ ఆలయాన్ని చూసుకొని, ఎండ తగ్గేదాకా విశ్రాంతి తీసుకొని, మూడున్నరకు శ్రీహరికోట రోడ్డు ఎక్కాలి.

ఈ రోడ్డు సరస్సును అడ్డంగా చీలుస్తూ పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు దక్షిణాన ఉన్న పక్షులు నల్లని నీడల్లా కనిపిస్తాయి, ఉత్తరాన ఉన్నవాటి మీద ఎండ సూటిగా పడి రెక్కల్లోని ఎరుపు కూడా తెలుస్తుంది. శ్రీహరికోట వైపు వెళ్లేటప్పుడు ఉత్తరం మన ఎడమ చేతి వైపు వస్తుంది, వాహనం ఆపుకోవలసిన వైపూ అదే. అందువల్ల చూడవలసిందంతా వెళ్లేటప్పుడే చూసుకొని, తిరుగు ప్రయాణంలో ఆగకుండా రావడం మంచిది. అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల బస్సులు వేగంగా వస్తుంటాయి. కాబట్టి వెడల్పున్న చోట పూర్తిగా పక్కకు తీసి ఆపాలి, పిల్లలను రోడ్డు వైపు తలుపు నుంచి దించకూడదు. దారి మధ్యలో అటకానితిప్ప దగ్గర అటవీశాఖ వారి పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. శ్రీహరికోట ప్రవేశ ద్వారం దాటి లోపలికి పోవడానికి అనుమతి ఉండాలి. అక్కడి సిబ్బందితో వాదనకు దిగకుండా ముందే వెనక్కి తిరగడం మర్యాద.

వాహనం దిగగానే తలుపు గట్టిగా వేయడం, పక్షులు ఎగరాలని కేకలు వేయడం, చప్పట్లు కొట్టడం చూస్తూనే ఉంటాం. ఎగిరిన గుంపు ఫొటోలో అందంగానే ఉంటుంది, కానీ అది వాటి మేతను చెడగొట్టడమే. ఇంజన్ ఆపి పావుగంట కదలకుండా ఉంటే చెదిరిన పక్షులు వాటంతట అవే దగ్గరకు జరుగుతాయి. డ్రోన్ ఎగరేయడం ఇక్కడ రెండు విధాలా తప్పు: ఇది వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం, పక్కనే ఉన్నది రాకెట్ ప్రయోగ కేంద్రం.

పొద్దు వాలగానే తిరిగి బయలుదేరితే రాత్రి పదకొండున్నర ప్రాంతానికి కడప చేరతాం. బండి నడపగలవారు ఇద్దరు ఉంటేనే ఈ పని పెట్టుకోవాలి. ఒక్కరే ఉంటే శ్రీకాళహస్తిలో ఆగి పడుకొని, ఉదయం దర్శనం చేసుకొని రావడం ఉత్తమం. ఒకేరోజులో కాళహస్తి దర్శనం, నేలపట్టు, సరస్సు మూడూ కలపాలని చూస్తే మూడూ అరకొరగానే ముగుస్తాయి.

మూడు రోజులుంటే

మొదటి రోజు ఉదయం ఏడు గంటలకు బయలుదేరినా చాలు. ఒంటిమిట్ట కోదండరామాలయంలోని చెక్కిన స్తంభాల మండపంలో అరగంట కూర్చొని, రాజంపేట దగ్గర తాళ్లపాకలో ఆగి, కోడూరు ప్రాంతంలో రోడ్డు పక్కన అమ్మే బొప్పాయి, అరటి కొనుక్కొని, మూడు గంటలకు నేలపట్టు చేరవచ్చు. సాయంత్రం వేటకు పోయిన గూడబాతులు ఆకాశంలో వరుస కట్టి తిరిగి వచ్చే దృశ్యం ఒకరోజు ప్రయాణికులకు దక్కదు. బరువైన ఆ పక్షి రెక్కలు ఆడించకుండా గాలిలో జారుతూ వచ్చి, చివరి క్షణంలో కాళ్లు ముందుకు చాచి కొమ్మ మీద దిగుతుంది. కొమ్మంతా ఊగుతుంది, పక్క గూళ్లలోని పక్షులు రుసరుసలాడతాయి. రాత్రి బస సూళ్లూరుపేటలో. పండుగ రోజుల్లోనూ, రాకెట్ ప్రయోగం ఉన్న వారంలోనూ గదులు దొరకవు కాబట్టి ముందుగానే మాట్లాడుకోవాలి.

రెండో రోజు తెల్లవారకముందే లేచి, ఆరు గంటలకల్లా సరస్సు రోడ్డు మీద ఉండాలి. ఇక్కడ మాత్రం వేకువజామును వదులుకోకూడదు. ఎనిమిదిన్నరకు ఎండ ఎక్కగానే వెనక్కి వచ్చి టిఫిన్ చేసి, తడ మండలంలోని భీములవారిపాలెం పడవల రేవుకు వెళ్లవచ్చు. ఇరకం దీవికి జనం రాకపోకలు సాగించేది ఈ రేవు నుంచే. నీటి మట్టాన్ని బట్టి, గాలిని బట్టి పడవ షికారు ఉంటుంది. గాలి ఎక్కువగా ఉందని పడవ మనిషి వద్దంటే బతిమాలకూడదు. లోతు తక్కువ కదా అని లైఫ్ జాకెట్ తీసేయడం కూడా తగదు, కాలు దిగబడే బురదలో ఈత పనిచేయదు. వలలు కట్టిన చోట దిగి నడవడం, ఫొటో కోసం గడలు పట్టుకొని ఊపడం జాలర్ల జీవనంతో ఆడుకోవడమే అవుతుంది. మధ్యాహ్నం భోజనం తరువాత తిరుపతి చేరి ఆ రాత్రి అక్కడ ఉండాలి.

మూడో రోజు తలకోన. ఇది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోనిది, ఆ అడవి మొత్తం 2010 నుంచి శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంలో భాగం. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా ఉదయాన్నే వెళితే జనం తక్కువగా ఉంటారు. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ నీటికి ఈశాన్య రుతుపవనాల వానలే ఆధారం కాబట్టి జనవరిలో ధార బాగానే ఉంటుంది, ఫిబ్రవరి చివరికి సన్నబడుతుంది. రాళ్లు పాచి పట్టి జారతాయి. చెప్పులతో కాకుండా, అడుగున పట్టున్న బూట్లతో ఎక్కాలి. సిద్ధేశ్వరాలయం దగ్గర కోతులు చేతిలోని సంచిని లాక్కుంటాయి, తినుబండారాలు వాహనంలోనే పెట్టి వెళ్లడం మేలు. అడవి లోపలికి నడక దారుల్లో వెళ్లాలంటే అటవీశాఖ అనుమతీ, వారి మనిషి తోడూ తీసుకోవాలి.

అక్కడ నుంచి పీలేరు, రాయచోటి మీదుగా కడపకు తిరిగి రావచ్చు, వచ్చిన దారిలోనే మళ్లీ పోనక్కరలేదు. గువ్వలచెరువు ఘాటు మాత్రం వెలుతురు ఉండగానే దిగాలి. లారీలు బ్రేకులు వేడెక్కి అదుపు తప్పే దారి అది.

మరొక తిరుగు దారి

అడవికి బదులు నది కావాలనుకునేవారు రెండో రోజు మధ్యాహ్నం గూడూరు మీదుగా నెల్లూరు చేరి, మూడో రోజు ఆత్మకూరు, బద్వేలు దారిలో 67వ జాతీయ రహదారి మీదుగా రావచ్చు. మధ్యలో కొంత పక్కకు వెళితే సోమశిల జలాశయం, బద్వేలు నుంచి సిద్ధవటం వైపు మళ్లితే పెన్న ఒడ్డున కోట, లంకమల అడవి అంచు కనిపిస్తాయి. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ ప్రాంతంలోనే. అది రాత్రిపూట తిరిగే పక్షి, ప్రయాణికుల కంట పడదు. వెతుకుతూ ముళ్లపొదల్లోకి దిగకండి.

కారు లేనివారికి

కడప నుంచి రేణిగుంటకు రైళ్లు చాలానే ఉన్నాయి. సూళ్లూరుపేట స్టేషను చెన్నై, గూడూరు మార్గంలో ఉంది కాబట్టి రైల్లోనే పోవాలంటే గూడూరులో మారాలి. అంతకంటే రేణిగుంటలో దిగి, తిరుపతి బస్టాండు చేరి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కడమే సుఖం. అక్కడ నేలపట్టుకూ సరస్సు రోడ్డుకూ కలిపి సగం రోజుకు ఆటో మాట్లాడుకోవాలి. ఎక్కేముందే ఎన్ని చోట్ల ఆగాలో, ఎంతసేపు ఆగాలో స్పష్టంగా చెప్పుకుంటే తరువాత గొడవ ఉండదు. ఇలా వెళ్లేవారు ఒక రాత్రి బస తప్పదనే లెక్కతో బయలుదేరాలి.

ఖర్చు, సామాను, వాతావరణం

ఒకరోజు ప్రయాణంలో రానూ పోనూ, అక్కడ తిరుగుడూ కలిపి సుమారు 500 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 33 లీటర్లకు పైగా ఇంధనం కావాలి, టోల్ ఖర్చు అదనం. సామానులో అన్నిటికంటే ముఖ్యమైనది బైనాక్యులర్. దాని మీద 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందనీ, ముందు అద్దం 42 మిల్లీమీటర్లనీ అర్థం. ఈ పనికి అది సరిపోతుంది, ఇంతకంటే పెద్దదైతే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. లేత ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీరు వెంట ఉండాలి. సరస్సు రోడ్డు మీద నీడ గానీ మరుగుదొడ్డి గానీ దొరకడం కష్టం, సూళ్లూరుపేటలోనే ఆ అవసరం తీర్చుకొని ఎక్కాలి.

రాకెట్ ప్రయోగాన్ని కూడా కలుపుకోవాలనుకునేవారు 2019లో ప్రారంభమైన సందర్శకుల గ్యాలరీకి ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకొని, గుర్తింపు కార్డుతో వెళ్లాలి. ప్రయోగం తేదీలు వాయిదా పడుతుంటాయి, ఆ రోజు సరస్సు రోడ్డు వాహనాలతో కిక్కిరిసి పక్షుల జాడ ఉండదు. నా మటుకు ఆ రెండు పనులూ వేర్వేరు ప్రయాణాలకు వదిలేశాను.

నవంబరులో బయలుదేరేవారు తుపాను హెచ్చరికలను తేలికగా తీసుకోకూడదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట, నందలూరు ప్రాంతంలో ఊళ్లు మునిగిపోయాయి, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. సముద్రం వైపు వాయుగుండం ఉందంటే మన దారిలోనూ వాగులు పొంగుతాయి. అటువంటప్పుడు గది కోసం కట్టిన అడ్వాన్సు పోయినా సరే, ప్రయాణాన్ని సంక్రాంతి దాటేదాకా వాయిదా వేసి, అప్పుడు మళ్లీ ఆటో మనిషికి ఫోన్ చేసి గొడ్ల సంగతి అడగాలి.

ఆ డిసెంబరు ప్రయాణం తరువాతి ఏడాది మా జేజిని ఫిబ్రవరి మొదటి వారంలో మళ్లీ తీసుకువెళ్లాను. అటకానితిప్పకు కొంచెం ఇవతల, ఎడమ వైపు, రాయి విసిరితే తగిలేంత దగ్గరలో ఫ్లెమింగోలు వందల కొద్దీ నిలబడి ఉన్నాయి. ఆమె కారు దిగకుండానే కిటికీ అద్దం సగం దించుకొని చాలాసేపు చూసింది. రాయచోటి దారిన తిరిగి వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు, కాగితంలో కట్టించుకున్న కోవాను ఒడిలో పెట్టుకొని, “అవి ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతాయంట, నిజమేనా?” అని అడిగింది. నిజమేనని చెప్పాను.